తొమ్మిది నెలల గడువు

‘నవమాసములు మోసి కన్న తల్లి’ అనే మాట తెలుగు బిడ్డ చిన్ననాటినుండి వింటూనే పెరుగుతాడు. తల్లి ఋణము తీరనిదని చెప్పుటకు పెద్దలు ఆ మాట వాడుతారు. అయితే అందులో మరొక అర్థము ఇమిడి ఉన్నదని తలపోసేవారు తక్కువ. మనుష్యునికి వచ్చే ఆపదలలో చాలా భాగము చెప్పకుండా వస్తాయి. ఏటి వరద రాత్రికి రాత్రి పొంగుతుంది. పాము ఒక్క క్షణములో కాటు వేస్తుంది. గుండెపోటు ముహూర్తము చూచుకొని రాదు. ప్రసవము అట్టిది కాదు. అది తొమ్మిది నెలల ముందుగా కబురు పంపి మరీ వస్తుంది. అంత గడువిచ్చి వచ్చే గండమునకు సంఘము సిద్ధముగా లేకపోతే ఆ తప్పును విధిమీదికి నెట్టుట న్యాయము కాదు.

రోలుగుంట మండలము ఈ విషయమును ఆలోచించుటకు తగిన చోటు. చోడవరము శాసనసభా నియోజకవర్గములోని ఈ మండలము తరతరాలుగా విశాఖపట్టణము జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4న క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. మైదానము వచ్చి తూర్పు కనుమల పాదములను తాకేచోట ఇది ఉన్నది. క్రింద వరి మళ్ళు, చెరకు తోటలు. పైన కొండవాలున జీడిమామిడి చెట్లు, మెట్ట పంటలు. అర్ల పంచాయతీకి చెందిన నీలబంధ, లోసింగి, పెదగరువు వంటి గూడెములు ఆ కొండలపై ఉన్నవి. అక్కడ కోదు మొదలైన గిరిజన కుటుంబములు నివసిస్తున్నవి. ఐదవ షెడ్యూలు ప్రాంతపు సరిహద్దుకు వెలుపల పడుటచేత ఏజెన్సీ గ్రామములకు వర్తించే ప్రత్యేక రక్షణలు వీరికి వర్తించవు. కొండపైన ఉండి కూడ మైదానపు లెక్కలో చేరిన జనము వీరు.

ఈ గూడెములనుండి నిండుచూలాలిని డోలీలో మోసుకొని దిగినారనే వార్త పత్రికలలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చినది. డోలీ అంటే పల్లకి కాదు. ఒక బొంగుకు దుప్పటినో చీరనో ఉయ్యాలవలె కట్టి, నొప్పులు పడుతున్న స్త్రీని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనుకొకరు భుజమున ఎత్తుకొని నడుస్తారు. అలసినప్పుడు భుజము మార్చుకొనుటకు మరికొందరు వెంట నడుస్తారు. రాళ్ళ బాట, గెడ్డలు, వానకాలములో జారే మట్టి దాటి, బండి వచ్చే దారి దొరికేవరకు ఆ నడక సాగవలెను. అక్కడికి చేరిన తరువాతనే 108 వాహనము, ఆపైన మండల కేంద్రములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, అవసరమైతే నర్సీపట్నము ఏరియా ఆసుపత్రి, ఇంకా కష్టమైతే విశాఖపట్టణములోని విక్టోరియా ఆసుపత్రియో, 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రియో. ఆ వార్త చదివి అయ్యో అనుకొననివారు ఉండరు. కాని ఆ స్త్రీకి నొప్పులు వచ్చే కాలము ఊరికి, ఆరోగ్య కార్యకర్తకు, ఆసుపత్రికి నెలల ముందే తెలిసి ఉండవలసినది కదా అనే ప్రశ్న వేసేవారు అరుదు.

గర్భిణిని ప్రత్యేక శ్రద్ధతో చూడవలెనన్న భావము ఈ దేశమునకు క్రొత్త కాదు. చరక సంహిత నెలనెలకు ఆమె తీసుకొనవలసిన ఆహారమును వివరించినది. తనదొకటి, బిడ్డదొకటి, రెండు హృదయములు మోసేది కనుక ఆమెను ఆయుర్వేదులు ‘దౌహృదిని’ అన్నారు. కావ్యములలో చూలాలి కోరికలకు పేరైన ‘దోహదము’ను ఈ భావముతోనే ముడిపెట్టినారు. సీమంతము, పుట్టింటికి తీసుకొనివచ్చుట, పురిటి పథ్యము మొదలైన తెలుగింటి ఆచారములన్నీ ఆ రెండు ప్రాణములను కాపాడుకొనే ప్రయత్నములే. అయితే ఆ ఆచారములకు కంటికి కనబడనిది ఒకటి ఉండెను. కడుపులో బిడ్డ ఎట్లున్నది, తల్లి నెత్తురులో ఏమి తరిగినది అన్నది వారికి తెలియదు.

ఆధునిక వైద్యము సహితము చాలాకాలము ప్రసవ సమయమున మాత్రమే తలుపు తట్టినది. గర్భిణిని ముందునుండే పరీక్షించవలెనని పట్టుపట్టినవారిలో ఎడింబరో నగరపు వైద్యుడు బాలంటైన్ ముఖ్యుడు. 1901లో ఆ నగరపు ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణుల చికిత్సకై ఒక మంచము ప్రత్యేకింపబడినది. ఆ ఒక్క మంచమునుండి నడచిన దూరము ఆశ్చర్యకరమైనది. లోహపు పలకలలో బీటలు కనిపెట్టుటకు కర్మాగారములలో వాడుతుండిన శబ్దతరంగముల విద్యను గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ స్త్రీల ఉదర పరీక్షకు మళ్ళించి, 1958లో తన ఫలితములు ప్రకటించినాడు. నేటి స్కానింగునకు అదే మూలము. 1963లో న్యూజిలాండులో లైలీ అనే వైద్యుడు గర్భములోని శిశువుకే రక్తమెక్కించగలిగినాడు. 1972లో అదే దేశమునకు చెందిన లిగ్గిన్స్, హౌవీ అనువారు, నెలలు నిండకముందే కానుపు కాబోయే తల్లికి స్టెరాయిడ్ మందు ఇచ్చినచో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమగునని నిరూపించినారు. తల్లి రక్తములోనే శిశువు జన్యుద్రవ్యపు తునకలు తిరుగుతుంటవని 1997లో డెన్నిస్ లో బృందము చూపినది. సూది గర్భమును తాకనవసరము లేకుండ కొన్ని జన్యులోపముల జాడ తెలుసుకొనుటకు దానివలన మార్గము దొరికినది.

ఈ విద్యలన్నీ మానవుని మేధకు భూషణములే. కాని ప్రతి వెలుగుకు ఒక నీడ ఉంటుంది. బిడ్డ క్షేమము చూచుటకు పుట్టిన స్కానింగును ఆడబిడ్డను కనిపెట్టి తొలగించుకొనుటకు వాడినవారు ఈ దేశములో ఉన్నారు. కనుకనే గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పుటను నిషేధిస్తూ 1994లో చట్టము చేయవలసి వచ్చినది. యంత్రము చూపగలదు, చూచినదానితో ఏమి చేయవలెనో నేర్పలేదు. ఆ నేర్పవలసినది ఇల్లు, బడి.

ఇంకొక మాట. తల్లుల ప్రాణములను ఎక్కువగా కాపాడేవి ఖరీదైన యంత్రములు కావు. రక్తపు పోటు కొలిచే పట్టీ, మూత్రములో మాంసకృత్తు పోతున్నదేమో చూచే పరీక్ష, రక్తములో హిమోగ్లోబిన్ ఎంతున్నదో చెప్పే ఒక్క చుక్క నెత్తురు, రోజుకొక ఇనుము మాత్ర, ఇవి చాలా భాగము ముప్పును ముందే పట్టి ఇస్తవి. తెలుగునాట ‘గుఱ్ఱపువాతము’ అని పిలిచే వ్యాధిలో నిండుచూలాలికి మూర్ఛలు వచ్చి ప్రాణము పోవచ్చును. పూర్వము దానిని దయ్యము పట్టుటగా ఎంచినవారు కలరు. అది రక్తపు పోటు పెరుగుటవలన వచ్చే ఉపద్రవము. మెగ్నీషియం సల్ఫేటు అనే చవుక మందు ఆ మూర్ఛల ముప్పును సగమునకు పైగా తగ్గించునని 33 దేశముల స్త్రీలపై జరిగిన పరిశోధన 2002లో తేల్చినది. కానుపు తరువాతి రక్తస్రావము విషయములోను ఇంతే. ఎంత రక్తము పోయినదో కంటితో అంచనా వేయక, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిలో పట్టి చూచి, వెంటనే చికిత్సలన్నీ కలిపి చేసినప్పుడు తీవ్రమైన ఉపద్రవములు 60 శాతము తగ్గినట్లు నాలుగు ఆఫ్రికా దేశములలో జరిగిన పరిశీలన 2023లో వెల్లడించినది. ఒక గీతల సంచి, ఒక సిద్ధమైన మందుల పెట్టె, శిక్షణ పొందిన రెండు చేతులు, వీటికి కోటీశ్వరుల దేశము కానక్కరలేదు.

ఇనుము మాత్రలో మరొక మందు కలిసి ఉంటుంది. దాని పేరు ఫోలిక్ ఆమ్లము. దాని చరిత్రలో భారతదేశమునకు, ఆంధ్రునికి భాగము ఉన్నది. 1928 ప్రాంతమున లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులను పీడించే రక్తహీనతను పరిశీలించినది. ఈస్టునుండి తీసిన సారము తిన్నవారికి అది నయమగునని 1931లో ప్రకటించినది. అందులోని గుణకారి ద్రవ్యమును 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుండి వేరుచేసినారు. లాటిను భాషలో ఆకును తెలిపే మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చినది. ఆకులనుండి టన్నులకొద్ది తీయుట సాధ్యము కాదు. దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయు మార్గమును 1945లో సాధించినది లెడర్లీ సంస్థలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము. 1895లో భీమవరమున పుట్టి, స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధివలన తోబుట్టువును కోల్పోయిన ఆయన శ్రమ ఫలితముగా ఆ వ్యాధికే మందు దొరికినది. 1948లో ఆయన గతించినాడు. నేడు లోసింగి గూడెములో ఒక చూలాలు మ్రింగే మాత్రలో ఆ భీమవరపు బిడ్డ జీవితము కొంత ఉన్నది. ఆ మాత్ర ఆమెకు చేరినచో.

చేరినచో అనుట ఊరక కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములోని గర్భిణులలో నూటికి 52 మందికి పైగా రక్తహీనులు. రక్తము పలుచబడిన తల్లికి కానుపులో పోయే కొద్దిపాటి నెత్తురే ప్రాణాంతకము కావచ్చును. నిండుకుండనుండి చెంబెడు పోతే తెలియదు. అడుగంటిన కుండనుండి చెంబెడు పోతే ఏమి మిగులుతుంది? 2018లో వచ్చిన రక్తహీనతా నిర్మూలన కార్యక్రమము ప్రకారము గర్భిణి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉన్న మాత్రను దినమునకొకటి చొప్పున 180 దినములు, కానుపు తరువాత మరి 180 దినములు వేసికొనవలెను. మాత్రతో కడుపులో త్రిప్పుట, మలము నల్లబడుట సహజము. అది తెలియక భయపడి మానివేసేవారున్నారు. చెప్పేవారు లేకపోవుటే ఇక్కడి లోపము. టీ త్రాగుతూ మాత్ర వేసికొన్నచో ఇనుము ఒంటబట్టదని, నిమ్మరసముతో బాగుగా ఒంటబట్టునని చెప్పుటకు పెద్ద డాక్టరు అక్కరలేదు.

ఈ శ్రమలు ఫలించలేదని అనుట అసత్యము. నమూనా నమోదు పద్ధతి లెక్కల ప్రకారము 2004–06లో దేశమున లక్ష సజీవ జననములకు 254 మంది తల్లులు మరణించగా, 2018–20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గినది. ఆంధ్రప్రదేశములో అదే కాలమున 154నుండి 45కు తగ్గినది. ఆసుపత్రి కానుపునకు ధనసహాయము, ఆశా కార్యకర్తలు, 2005 ఆగస్టు 15న ఈ రాష్ట్రములోనే మొదలైన 108 వాహనములు, 2011లో వచ్చిన ఉచిత ప్రసూతి సేవ, 2016నుండి ప్రతి నెల 9వ తేదీన జరుగుతున్న గర్భిణుల పరీక్ష, ఇవన్నీ అందుకు తోడ్పడినవి. ఆ కీర్తి ఎవరిదైనను మెచ్చదగినదే. అయితే సగటు అనేది లోతు చెప్పదు. ఏటి సగటు లోతు మోకాలిబంటి అని నమ్మి దిగినవాడు నడిమధ్యన మునుగవచ్చును. రాష్ట్రపు 45లో పట్టణపు పేట, కొండమీది గూడెము ఒకే గాటన కట్టబడి ఉన్నవి.

తల్లులు ఎందుకు చనిపోతున్నారని 1994లో థేడియస్, మెయిన్ అనే ఇద్దరు పండితురాండ్రు విచారించి, మూడు ఆలస్యములను చెప్పినారు. వెళ్ళవలెనని నిశ్చయించుకొనుటలో ఆలస్యము మొదటిది. వెళ్ళి చేరుటలో ఆలస్యము రెండవది. చేరిన తరువాత తగిన చికిత్స దొరకుటలో ఆలస్యము మూడవది. రోలుగుంట కొండలకు ఈ మూడును అన్వయిస్తవి. కాని అందరి కంటికి కనబడేది రెండవది ఒక్కటే. డోలీ ఫోటోకు అందుతుంది. ఇంటిలో మిగిలిన పిల్లలను ఎవరికి అప్పగించవలెనో తెలియక నొప్పులు వచ్చేవరకు కదలని తల్లి మనసు ఫోటోకు అందదు. ఇంత దూరము వచ్చిన తరువాత డాక్టరు లేరనో, రక్తము లేదనో మరొక చోటికి పంపివేసిన క్షణము కూడ ఫోటోకు అందదు.

కనుక ‘గిరిజనులు మూఢులు, ఆసుపత్రికి రారు’ అని తేలికగా తీర్పు చెప్పుట తగదు. కూలి పోతుంది, మేకలు చూచేవారుండరు, ఆసుపత్రిలో తన మాట అర్థము చేసికొనేవారుండరు, కసురుకొనేవారు మాత్రము ఉంటారు. ఇవి మూఢత్వములు కావు, లెక్కలు. ఈ లెక్కలకు సమాధానము చెప్పిన తరువాతనే ఆమెను రమ్మని అడిగే అర్హత కలుగుతుంది. కానుపునకు కొన్ని దినముల ముందే గర్భిణిని కొండ దింపి, ఆసుపత్రికి చేరువలో ఉంచి, అన్నము పెట్టి, పరీక్షలు చేసే వసతి గృహములను ప్రపంచ ఆరోగ్య సంస్థ దూరప్రాంతములకు సిఫార్సు చేసినది. రాష్ట్రములోని ఏజెన్సీ ప్రాంతములలో అట్టివి నడచినవి. షెడ్యూలు గీతకు ఇవతల ఉన్న కొండలకు మాత్రము అట్టివి అక్కరలేదని ఎవరు చెప్పగలరు? ఆ గృహములో తల్లితోపాటు ఆమె చిన్న బిడ్డలకు, తోడు వచ్చిన ముసలమ్మకు కూడ చోటుండవలెను. గూడెపు మంత్రసానిని తరిమివేయక, తోడుగా రానిచ్చినచో ఆమె మాటపై గూడెము కదులుతుంది.

ఇటువైపు ఇట్లుండగా అటువైపు మరొక వింత ఉన్నది. అదే సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో నూటికి 96 కానుపులు ఆసుపత్రులలోనే జరుగుతున్నవి. కాని నూటికి 42 కోత కానుపులు. దేశపు సగటుకు ఇది దాదాపు రెండింతలు. కోత ప్రాణము నిలిపే చికిత్స అన్నది నిస్సంశయము. అవసరము లేనివారికి చేసినప్పుడు అది శరీరమునకు గాయము, ఇంటికి అప్పు. ఒక తల్లికి అక్కరలేని కత్తి, మరొక తల్లికి అక్కరకు రాని ఆసుపత్రి, ఈ రెండును ఒకే రాష్ట్రములో, కొన్ని గంటల ప్రయాణములో ఉండుట వైద్యము ముందుకు పోయినదనుటకు గుర్తు కాదు. వైద్యము పంచబడలేదనుటకు గుర్తు.

ఈ వ్యవహారములో ఉపాధ్యాయునికి పని ఏమని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది, అది అందరికన్న ముందే మొదలవుతుంది. శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము గర్భము ధరించిన 28 దినములలోపే మూసుకొంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు నెల తప్పిన సంగతియే రూఢిగా తెలియదు. లోపముతో బిడ్డను కని ఉన్న తల్లులకు గర్భమునకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము ఇచ్చినచో ఆ లోపము మరల రాకుండ నూటికి 72 పాళ్ళు నివారింపవచ్చునని 1991లో ఒక బ్రిటిష్ పరిశోధన స్థాపించినది. అనగా గర్భిణీ సంరక్షణ గర్భమునకు ముందే ఆరంభము కావలెను. బడిలో వారమునకొకసారి పిల్లలచేత మ్రింగించే నీలిరంగు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడ ఉన్నది. ఆ మాత్రను ఏదో సర్కారు తంతుగా పంచి చేతులు దులుపుకొనే ఉపాధ్యాయునికి, అన్నము తిన్న తరువాత తన ఎదుట మ్రింగించి, ఎందుకో వివరించే ఉపాధ్యాయునికి మధ్య తేడా పదేండ్ల తరువాత ఒక తల్లి నెత్తురులో కనబడుతుంది.

రెండవది పెండ్లి వయస్సు. ఆ సర్వేలోనే, 20–24 ఏండ్ల వయసు స్త్రీలలో 18 నిండకముందే పెండ్లి అయినవారు ఈ రాష్ట్రమున నూటికి 29 మంది, దేశమున 23. తొమ్మిదవ తరగతిలో హాజరుపట్టీనుండి ఒక ఆడపిల్ల పేరు జారిపోయిన నాడు ముందుగా గమనించేది బడియే. ఆ పేరును ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట తేలిక. ఆ ఇంటి గడప త్రొక్కి అడుగుట కష్టము. కాని ఎదగని కటితో, చాలని రక్తముతో ఆ బిడ్డ డోలీ ఎక్కకుండ ఆపగల ఘడియ అదే.

మూడవది విద్యార్థులకు చెప్పదగిన చిన్న లెక్క. చివరి ముట్టు మొదటి దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో కానుపు తేదీ సుమారుగా వస్తుంది. జూన్ 10న అయినచో మార్చి 17. ఇది నాలుగవ తరగతి కూడిక. ఆ తేదీని ఇంటి గోడ క్యాలెండరులో గుర్తుపెట్టి, అంతకు రెండు వారములు ముందుగా మరొక గుర్తు పెట్టి, ఆ దినమున కొండ దిగవలెనని ఇంటిల్లిపాది నిశ్చయించుకొనుటకు చదువుకొన్న ఒక బిడ్డ చాలును. పన్నెండు వారములలోపు పేరు నమోదు చేయించుకొనుట, రక్తపు గ్రూపు తెలుసుకొని ఉంచుట, తలనొప్పి, కండ్లు మసకబారుట, ముఖము వాచుట, నెత్తురు కనబడుట, బిడ్డ కదలిక తగ్గుట వంటివి ప్రమాద చిహ్నములని గుర్తించుట, ఇవి పాఠ్యపుస్తకములో ఉన్నను లేకున్నను చెప్పదగినవి.

ప్రభుత్వము చేయవలసినది దీనివలన తగ్గదు. 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ పేర గిరిజన గూడెములకు రోడ్లు వేయు పనికి రాష్ట్ర ప్రభుత్వము శంకుస్థాపన చేసినది. సంతోషించదగినదే. శంకుస్థాపన ఫలకము కాక, చివరి గూడెపు చివరి ఇంటి ముంగిట ఆగిన 108 వాహనమే దాని పూర్తికి సాక్ష్యము. రోడ్డు పడేలోగా గర్భిణులు ఆగరు. కావున ఏ నెలలో ఏ గూడెమునుండి ఎవరు దిగవలెనో చెప్పే జాబితా ప్రతి ఆరోగ్య కేంద్రపు గోడపై ఉండవలెను. దించే బాధ్యత పేరుతో సహా ఒకరిపై ఉండవలెను. ప్రతి తల్లి మరణమును సమీక్షించవలెనని 2010నుండి నియమమున్నది. ఆ సమీక్ష దండించుటకు కాక, మూడు ఆలస్యములలో ఏది ఆమెను బలిగొన్నదో తెలుసుకొనుటకు జరిగినప్పుడే దానికి ప్రయోజనము.

గర్భములోని బిడ్డ గుండె కొట్టుకొనుటను చూడగలిగిన కాలమిది. ఆ బిడ్డను మోసే తల్లి కొండపై ఏ ఇంటిలో ఉన్నదో, ఏ నెలలో ఉన్నదో చూచుటకు అంతటి శాస్త్రము అక్కరలేదు. ఆమె తొమ్మిది నెలల గడువు ఇచ్చినది. ఆ గడువును తొమ్మిదవ నెల చివరి రాత్రివరకు వృథాగా పోనిచ్చి, అప్పుడు బొంగు, దుప్పటి వెదకుకొనుట మానవలెను. అర్ల కొండలనుండి ఇకమీదట గర్భిణి దిగేటప్పుడు నొప్పులు రాకముందే, తన కాళ్ళమీద, పగటి వెలుతురులో దిగవలెను. అట్టి దినమున పత్రికలకు వార్త ఉండదు. అంతకన్న మంచి వార్త రోలుగుంటకు మరొకటి లేదు.